రెండో విస్తరి

అనగనగా ఒక కొండ. ఆ కొండకొక గుహ, ఆ గుహలో ఒక అమ్మవారు. ఆ అమ్మవారికి ఉన్నది ఒకే ఒక్క ఉపాసకుడు. పేరు చెన్నిభట్టు.

చెన్నిభట్టుకి పుట్టుకతోనే నత్తి. "నీ-నీ-నీళ్లు" అనేలోపు ఎదుటివాళ్లు కుండ ఎత్తుకుని వెళ్లిపోయేవారు. తల్లీ తండ్రీ ఒకే ఏడు మశూచికి పోయారు. ఊళ్లో అతని మాట చివరిదాకా విన్నవాళ్లు లేరు. వెక్కిరించడానికి మాత్రం అందరికీ తీరికే.

అందుకని ఇరవయ్యో ఏట కొండెక్కాడు. అక్కడ జోగమ్మ అనే ముసలి యోగిని ఉండేది. ఆమె కాళ్లు పట్టుకుని, "నా మాట న-నలుగురూ వినేలా చెయ్యి తల్లీ" అని ఏడ్చాడు.

జోగమ్మ అతని చెవిలో మంత్రం చెప్పింది.

"పన్నెండేళ్లు జపం చెయ్యి నాయనా. మధ్యలో మహిమలు వస్తాయి. మురిసిపోకు. అవి దారిలో కాసే పళ్లు, నువ్వు చేరాల్సిన ఊరు కాదు. పన్నెండో ఏడు దసరా మహానవమినాడు ఒక ఆడపిల్లని అమ్మవారిగా ఎంచి, బాలగా కూర్చోబెట్టు. కాళ్లకి పసుపు రాసి, నీ చేత్తో వండి పెట్టు. 'తృప్తి అయ్యిందా తల్లీ' అని అడుగు. అయ్యిందని ఆ పిల్ల తనంతట తాను చెప్పాలి. ఆ రోజు అప్పటిదాకా నువ్వు మెతుకు ముట్టకూడదు. పొద్దు గుంకేలోపు ఆ మాట రాకపోతే నీ జపమంతా బూడిదలో పోసిన పన్నీరే."

ఆ ఏడే జోగమ్మ కన్నుమూసింది. కొండమీద చెన్నిభట్టు ఒక్కడే మిగిలాడు.

పొద్దున్నే వాగులో స్నానం, ఆపైన జపం. ఇంత అన్నం వండి అమ్మవారికి నైవేద్యం పెట్టడం, ఆ ప్రసాదం తానొక్కడే తినడం. విస్తరి ముందు కూర్చుంటే ఎదురుగా గోడ. కొన్నాళ్లకి ఆ గోడకే చెప్పుకునేవాడు, "పు-పులుసులో ఉప్పు తక్కువైంది" అని. గోడ ఔననేది కాదు, కాదనేదీ కాదు.

పదకొండో ఏట ఒకరోజు నత్తి పోయింది. అంతేనా, నోట ఏ మాట వస్తే ఆ మాట జరగసాగింది. దాన్నే వాక్సిద్ధి అంటారు.

రైతులు వచ్చి, "వానల్లేవు సామీ" అన్నారు. "పడతాయి" అన్నాడు. వాళ్లు కొండ దిగేలోపే తడిసి ముద్దయ్యారు. ఇక చూడండి జనం! నలుగురు వినాలని కోరుకున్నవాడి మాటకి నాలుగూళ్లు చెవులు రిక్కించాయి. చెన్నిభట్టు పొంగిపోయాడు. మురిసిపోకన్న జోగమ్మ మాట మరిచిపోయాడు.

ఒకనాడు గొల్ల నూకాలు పాలు ఆలస్యంగా తెచ్చింది. "ఇంతసేపా? నీ కుండ పగల!" అన్నాడు విసుగ్గా. అలాంటివి మనం రోజుకి పది అంటాం, ఎవరికీ ఏమీ కాదు. ఆ కుండ మాత్రం నూకాలు నెత్తిమీదే భళ్లున పగిలింది. పాలు మొహంమీదికి కారుతుంటే పాపం ఆమె బిక్కచచ్చిపోయింది.

మర్నాటినుంచి జనం దూరంగా నిలబడి దండం పెట్టి వెళ్లిపోయేవారు. దగ్గరికొచ్చి "తిన్నావా?" అన్నవాళ్లు లేరు. నత్తి ఉన్నరోజుల్లో వెక్కిరించడానికైనా దగ్గరికొచ్చేవారు కదా అనుకున్నాడు చెన్నిభట్టు.

పన్నెండో ఏడు మహానవమి వచ్చింది. పులిహోర, చక్కెర పొంగలి వండిపెట్టి, పిల్లని పిలవడానికి ఊళ్లోకి దిగాడు.

మొదట వర్తకుడు పేరిశెట్టి ఇంటికి వెళ్లాడు. "శెట్టిగారూ, మీ అమ్మాయిని బాలగా పంపండి" అన్నాడు.

"అ... అమ్మాయి వాళ్లమ్మమ్మగారి ఊరెళ్లింది స్వామీ" అన్నాడు శెట్టి తలుపుకి అడ్డంగా జరిగి. తలుపు వెనక చిన్న గజ్జెల చప్పుడు వినిపించింది. చెన్నిభట్టు తల వంచుకుని వచ్చేశాడు.

తరవాత కరణం ఇల్లు. "పిల్లకి ఒళ్లు కాలిపోతోంది స్వామీ, ఎలా పంపను?" అంది కరణం భార్య. అదీ అబద్ధమే. కానీ చెన్నిభట్టు నమ్మాడు. "అయ్యో పాపం, జ్వరమా!" అన్నాడు మనసు కరిగి.

అంతే. లోపల గవ్వలాడుకుంటున్న పిల్ల గభాలున కూలబడింది. ఒళ్లు పెనంలా కాలింది. తల్లి గుండెలు బాదుకుంది.

"తగ్గిపోవాలి! తగ్గిపోవాలి!" అని కేకపెట్టాడు చెన్నిభట్టు. జ్వరం తగ్గింది. వీధిలో తలుపులన్నీ టపటపా మూసుకున్నాయి.

అతను నడివీధిలో నిలబడిపోయాడు. తిడితే కుండ పగిలింది, సరే. జాలిపడినా పిల్ల పడిపోయిందే! ఇక మనుషులతో ఏం మాట్లాడను అనుకుంటే ఏడుపొచ్చింది. అంత పెద్ద ఊళ్లో ఏడవొద్దని చెప్పడానికి ఒక్కరూ బయటికి రాలేదు.

గుహకి తిరిగొచ్చి అమ్మవారి ముందు కూలబడ్డాడు. "తల్లీ, నా మాట అందరూ వినాలని అడిగాను. నాతో ఎవరైనా మాట్లాడాలని అడగడం మరిచాను" అన్నాడు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "ఇక నా మాటకి మహిమ లేదు" అన్నాడు.

అన్నమాట అన్నట్టే జరిగింది. "అమ్మా" అనబోతే "అ-అ-అమ్మా" అని వచ్చింది. పోయిన నత్తి పాత చుట్టంలా తిరిగొచ్చింది.

పొద్దు వాలుతోంది. వంటకని తెచ్చుకున్న కొత్త కుండొకటి చేతబట్టుకుని మళ్లీ కొండ దిగాడు. ఈసారి ఊరి చివర నూకాలు గుడిసెకి.

నూకాలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "నీ కు-కుండ... నే-నేనే..." అంటున్నాడు, మాట తెమలడంలేదు. ఆమె తలుపు వెయ్యబోయింది.

"ఆగమ్మా, సామిని చెప్పనీ" అంది కొంగు వెనకనుంచి కూతురు పైడి. ఏడేళ్ల పిల్ల. అతని మాట పూర్తయ్యేదాకా కదలకుండా నిలబడింది. ముప్ఫై రెండేళ్లలో అతనికోసం అలా ఆగినవాళ్లు లేరు.

"త-తప్పయింది నూకాలూ. పి-పిల్లని భో-భోజనానికి పంపుతావా?"

"నీ మహిమ ఏటయింది సామీ?"

"పో-పోయింది."

నూకాలు అతని చేతిలో కుండకేసి చూసింది, మొహంకేసి చూసింది. "పోతే పోయింది గానీ పద. పిల్ల ఆకలిమీదుంది" అంది.

గుహలో పైడి కాళ్లకి పసుపు రాసి, పీటమీద కూర్చోబెట్టి, విస్తరి నిండా వడ్డించాడు. పైడి చెయ్యి పెట్టలేదు. బయట ఎండ కొండ అంచుకి చేరింది.

"తి-తిను తల్లీ."

"నీ విస్తరేదీ?"

"నే-నేను తరవాత తింటాను. రో-రోజూ ఒక్కణ్ణే కదా."

"ఒక్కదాన్నే తింటే నాకు ముద్ద దిగదు. నువ్వూ కూకో" అంది పైడి.

చెన్నిభట్టుకి జోగమ్మ పెట్టిన నియమం గుర్తొచ్చింది. పిల్ల తృప్తి అనకుండా తాను తింటే పన్నెండేళ్ల జపం పోతుంది. తినకపోతే ఆ పిల్ల ఆకలితోనే లేచి వెళ్లిపోతుంది. అమ్మవారికేసి చూశాడు. అమ్మవారు ఔననలేదు, కాదనలేదు. రెండో విస్తరి వేసుకుని పైడి పక్కన కూర్చున్నాడు.

పైడి తన విస్తట్లోంచి ఇంత పులిహోర అతనికి పెట్టి, ఒక ముద్ద నోట్లో వేసుకుంది. "ఉప్పు తక్కువైంది సామీ" అంది.

పన్నెండేళ్లుగా గోడ చెప్పని జవాబు అది. చెన్నిభట్టు తింటూ తింటూ ఏడ్చాడు. ఉప్పు సరిపోయింది.

పొద్దు గుంకుతుండగా అడిగాడు, "తృ-తృ-తృప్తి అయ్యిందా త-తల్లీ?"

పైడి మాట పూర్తయ్యేదాకా ఆగింది. "అయ్యింది. మరి నీకో?" అంది.

చెన్నిభట్టు తల ఊపి, ఖాళీ అయిన విస్తళ్లు రెండూ ఒకదానిమీద ఒకటి పెట్టాడు. జపం పోయిందో ఫలించిందో అమ్మవారిని అడగడం కూడా మరిచాడు.

ఆనాటినుంచి ఆ గుహలో నైవేద్యం ఎప్పుడూ ఒక్క విస్తట్లో పెట్టలేదు. అది తిన్నవాళ్లు చెప్పగా మా అవ్వ విన్నది, అవ్వ చెప్పగా నేను విన్నాను, ఇప్పుడు మీరూ విన్నారు: పదిమందిని దూరంగా నిలబెట్టే మహిమకంటే, ఒక్కరిని పక్కన కూర్చోబెట్టే ముద్ద మేలు.