ఆ గంటలో ఇంకెవరున్నారు

కాశింవలికి సినిమా పిచ్చి పట్టిందని వాడి పెండ్లాం మాబున్ని వచ్చి చెప్పినప్పుడు నాకు ఒళ్ళు మండింది. కూతురు షంషాదు పోయి ఇంకా నలభై దినాలు నిండలేదు. పరుపులు కుట్టుకునే మనిషికి ఇప్పుడు సినిమా కావాల్సొచ్చిందా?

"ఒక ఆట అయిపోతే ఇంకో ఆటకు టికెట్టు కొనుక్కొని ఆడే కూచుంటాండాడు పీరుతాతా," అందామె. "రేపు పాప నలభయ్యో దినం. పాప పేరుమీద ఫాతెహా చదివించాల. కన్నతండ్రి ఇంట్లో లేకుంటే ఎట్లా?"

పీరుతాత అంటే మా గురువు. కొండ కింది దర్గాలో ఉంటాడు. కాశింవలీ నేనూ ఆయన దగ్గరే పెరిగినాం.

"వాణ్ణి పిల్చకరాపో," అన్నాడు నాతో.

టికెట్టు కొంటే గానీ సినిమాహాల్లోకి పోనివ్వలేదు. కొన్నాను. తిట్టుకుంటూ కాశింవలి పక్కన కూలబడ్డాను. కాసేపటికి తిట్టడం మర్చిపోయాను. అబ్బ, ఏం సినిమా అది!

ఒక శాస్త్రవేత్త ఉంటాడు. భార్య చచ్చిపోయి ఉంటుంది. ఆయన ఒక యంత్రం చేస్తాడు. అందులో కూచుంటే గడిచిపోయిన గంట ఏదైనా సరే, మళ్ళీ అందులోకి పోవచ్చు. చచ్చినోళ్ళను మాత్రం బతికించలేడు, చూసి రావచ్చు, అంతే. ఆయన భార్యతో గడిపిన ఆఖరి గంటకే మాటిమాటికీ పోతుంటాడు. ఇంతలో ఎవడో ముసుగేసుకున్నోడు ఆ యంత్రాన్ని పగలగొట్టాలని వెంటపడతాడు. తరుముకోవడాలు, కాల్పులు, నేను కుర్చీ అంచుకొచ్చేశాను. చివరికి ముసుగు తీస్తే, వాడు ఆయనే. ముసలోడై వచ్చిన ఆయనే! తన చేత్తో తనే యంత్రాన్ని ముక్కలు చేస్తాడు.

లైట్లు వెలిగినా నాకు లేవబుద్ధి కాలేదు. కాశింవలి కండ్లు తెరమీదే ఉన్నాయి. నీళ్ళు మాత్రం లేవు. బిడ్డను మట్టిలో పెట్టిన రోజూ వాడు ఏడవలేదు.

దర్గాకు తోలుకొచ్చాను. గురువు కోప్పడలేదు. సినిమా కథ చెప్పమన్నాడు. వాడు పూసగుచ్చినట్టు చెప్పాడు.

"అంతా బాగుంది గానీ పీరుతాతా, ఒకటే తెలీలేదు. ఆ ముసలోడు యంత్రాన్ని ఎందుకు పగలగొట్టినాడు? నాకే గనక అట్లాంటిది దొరికితే దాంట్లోనే చచ్చిపోతా."

"నాకేం తెలుసురా, నేను సినిమా చూడకపోతిని. రేపు మీ ఇంటికొస్తా," అన్నాడు గురువు.

మరుసటి రోజు పోయినాం. మాబున్ని పాపకు ఇష్టమని సేమియా పాయసం చేసి, గిన్నె మీద మూత పెట్టింది. ఊదు వెలిగించింది. ఇక చదవడమే తరువాయి. గురువు చదవలేదు. కాశింవలి చెయ్యి పట్టుకొని గడప మీద కూచోబెట్టాడు. వెనక నిలబడి వాడి కండ్లు రెండూ తన అరచేతులతో మూశాడు.

"నేనే నీ యంత్రాన్ని. పాప పోయిన పొద్దుటికి తెచ్చినా. ఏం కనపడతాంది?"

కాశింవలి మెల్లగా అన్నాడు.

"షంషాదు చాప మీద పండుకొనుంది. ఒళ్ళు కాలిపోతాంది. పెండ్లోళ్ళకు పరుపులు ఇయ్యాల్సిన దినం. బండికి కట్టేసినా. నాయనా, బిరీన రా అంటాంది. ఎడమ చెయ్యి దుప్పట్లో నుంచి బయట పెట్టింది. గాజు ఒకటి పగిలింది." గాలిలోకి చెయ్యి చాపాడు. "వస్తా తల్లీ అన్నా. మామూలు జరమే అనుకుంటి."

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"మాబున్ని."

"యాడుంది?"

వాడు తల అటూ ఇటూ తిప్పాడు.

"సరిగ్గా చూడు."

"కనపడ్లేదు పీరుతాతా."

"ఏమంటాంది?"

"తెలీదు."

బిడ్డ చేతి గాజు దాకా చూసిన మనిషికి పెండ్లాం ఎక్కడుందో తెలీలేదు!

పొయ్యి దగ్గర్నుంచి మాబున్ని పలికింది. కోపంగా కూడా పలకలేదు.

"ఆడే ఉంటి, ఆ గడప కాడ. నీ చొక్కా పట్టుకున్నా. పోవద్దు, నాకు భయమైతాంది అన్నా."

గురువు వాడి కండ్ల మీద చేతులు తీసేశాడు. కాశింవలి వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. ఇన్ని దినాల తర్వాత చూడటం. మనిషి సగమైపోయింది.

"అన్నావా?" అన్నాడు.

"అన్నా."

వాడు లేచి పోయి ఆమె ముందర కూలబడ్డాడు. ఆమె వాడి చొక్కా పట్టుకుంది. అప్పుడు ఏడ్చాడు కాశింవలి. అట్లా ఏడ్చే మగోణ్ణి నేను చూడలేదు. ఆమె కూడా ఏడ్చింది. వాళ్ళ ఏడుపు వింటుంటే నాకూ ఆగలేదు.

గురువు నన్ను బయటికి నెట్టి, తలుపు దగ్గరగా వేసి అరుగు మీద కూచున్నాడు. చాలాసేపటికి నేను తలుపు సందులోంచి చూశాను.

"తాతా, ఊదు ఆరిపోయింది. పాయసం చల్లారిపోతాంది. లోపలికి పోయి చదివేద్దామా?"

"కూచోరా," అన్నాడు గురువు. "ఇన్ని దినాలూ ఆయమ్మ ఒక్కతే ఏడ్చింది."