కాశీలో వదిలిన కోపం

చింతలమెట్టలో పేరిందేవమ్మ ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు మూడు లోకాల్లోనూ లేరట. ఆ మాట చెప్పిందీ వాళ్ళే. తల్లి, పెద్దకొడుకు గవరయ్య, చిన్నకొడుకు సింహాద్రి కాశీ వెళ్ళారు. అక్కడో స్వామి, "కాయో పండో వదిలితే ఏం గొప్ప? కోపం వదలండి" అన్నాడు. ఇంకేముంది! ముగ్గురూ గంగలో మునిగి కోపం వదిలేశారు. కాశీలో కాకరకాయ వదిలినవాళ్ళు మళ్ళీ దాన్ని ముట్టరు కదా, ఇదీ అంతే.

తిరిగొచ్చేసరికి కంకి పట్టిన జొన్నచేలో పక్కింటి అప్పన్న గేదెలు! ఏడాది తిండంతా ఆ చేనే. సింహాద్రి కర్ర తీశాడు.

"పారెయ్‌రా!" అంది తల్లి. "కర్ర పట్టుకుంటే కోపం ముట్టుకున్నట్టే."

"పోనీ, హేయ్ అననా?"

"అను. నవ్వుతూ అను."

నవ్వుతూ అన్నాడు. గేదెలు తోకైనా ఆడించలేదు.

అప్పుడు చేలోకి దిగాను నేను, వాళ్ళ ఎదురింటి తాతని. నా గొంతు సంగతి తెలుసుగా? ఓసారి ఊరికే దగ్గితేనే ఏరు వెనక్కి పారింది! "తప్పుకోండి, నేను తోలతా. వెర్రిమొహాల్లారా, స్వామి వదలమన్నది లోపలి మంటని, చేతిలో కర్రని కాదు!" అన్నాను.

"అమ్మో, తాతకి కోపం వచ్చింది, మనకి అంటుకుంటుంది!" అంటూ ముగ్గురూ నన్ను చేలోంచి సాగనంపారు. గేదెల్ని మాత్రం ఉండనిచ్చారు.

ఇంతలో గవరయ్య బుర్ర వెలిగింది. "అమ్మా, మనం కాకరకాయ వదిలేస్తే, పక్కింటివాళ్ళు తినడం తప్పా? మన బదులు వాళ్ళనే కోప్పడమందాం!" అంతే, అప్పన్న ఇంటికి పరుగు.

"బాబాయ్, మా తరఫున గేదెల మీద కాస్త కోప్పడవా?"

"ఎవరి గేదెలు?"

"నీవే."

అప్పన్న భగ్గుమన్నాడు, వీళ్ళ మీద! "నా గేదెల్నే అంటార్రా? అంత జొన్న మేస్తే దాహం వెయ్యదూ? కుడితి పెట్టారా?"

పాపం, నిజమే అనుకుని అప్పన్న పాకలో తొట్టి నిండా కుడితి పోశారు.

సాయంత్రానికి చేలో మోళ్ళు మిగిలాయి. అది చూసి పేరిందేవమ్మకి ఒళ్ళు మండింది. "ఒరేయ్, కోపం వచ్చేసిందిరా! కాశీలో వదిలింది దారి వెతుక్కుంటూ ఇల్లు చేరిందిరా!"

"ఏం పర్లేదు," అన్నాడు సింహాద్రి. "పిల్లిని సంచిలో వేసి వదిలినట్టు వదిలొద్దాం. మన కళ్ళకి గంతలు కట్టుకుంటే సరి. మనకే దారి తెలీకపోతే దానికేం తెలుస్తుంది?"

విత్తనాల గాదె తాళం అప్పన్న చేతిలో పెట్టి, గంతలు కట్టుకుని, చేతులు పట్టుకుని మళ్ళీ కాశీకి బయల్దేరారు. వీధి చివర గోడకి గుద్దుకుని, వెనక్కి తిరిగి, తిన్నగా అప్పన్న పాకలోకి నడిచి, కుడితి తొట్టిలో "హర హర గంగే!" అని మునిగారు.

లేచి, మీసం మీది తవుడు తుడుచుకుంటూ గవరయ్య అన్నాడు కదా: "చూశావుటే అమ్మా! కాశీ ఇంత దగ్గరుంటే, ఆ రైలువాడు మనల్ని అంత దూరం తిప్పాడు!"