శేషారత్నం చేతి అంబలి

అడగందే అమ్మైనా పెట్టదంటారు. చిదంబరమ్మగారు మాత్రం సన్యాసం పుచ్చుకున్న ముప్పై ఏళ్ళలో తిండి గాని, నీళ్ళు గాని నోరు తెరిచి అడిగిన పాపాన పోలేదు. ఎవరైనా తెచ్చి చేతిలో పెడితే అదే ఆవిడకు భిక్ష. అందులోంచి తనకు కావలసింది తీసుకొని, మిగిలినది ఎదురుగా ఎవరుంటే వాళ్ళకు పంచేస్తారు. రేపటికని దాచడం ఆవిడ ఎరుగరు. తుని దగ్గర ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో ఈ సంగతి అందరికీ తెలుసు, కొత్తవాళ్ళకు తప్ప. కొత్తగా చేరిన ఒకాయన కాళ్ళు కడుక్కుంటూ తన గొడుగు కాస్త పట్టుకోమని ఆవిడ చేతికిచ్చి, ఆ వానాకాలమంతా తడుస్తూ తిరిగాడు.

ఆవిడ దగ్గర వేదాంతం చదువుకొనేవాళ్ళలో శేషారత్నం ఒకర్తె. లెక్కల టీచరుగా పనిచేసి రెండేళ్ళ క్రితం రిటైరయింది. ఒక గురువారం పాఠం ముగిశాక ఆమె లేచి నిలబడింది.

"అమ్మా, ఈ శని, ఆదివారాలు విశాఖపట్నంలో ఉండాల్సి వచ్చింది. అక్కడ ఎక్కడ తింటే మంచిది? ఏం తాగొచ్చు? చూడదగ్గ చోట్లేమున్నాయి?"

తక్కినవాళ్ళకు నవ్వాగలేదు. ఆ రోజు పాఠం తాడును చూసి పామనుకొన్నవాడి గురించి. బ్రహ్మం గురించి అడగవలసిన చోట హోటళ్ళ గురించి అడిగితే నవ్వు రాదూ మరి! చిదంబరమ్మగారు మాత్రం నవ్వలేదు. శేషారత్నం కొంగు చివర ఆమె వేళ్ళ మధ్య పిప్పి అయిపోతుండడం ఆవిడ చూశారు.

"నేనూ వస్తాను పద," అన్నారు.

శేషారత్నం భయం చిన్నది కాదు. పదకొండేళ్ళ క్రితం, మే నెలలో, అక్కచెల్లెళ్ళిద్దరూ చీరలు కొనుక్కుందామని విశాఖపట్నం వెళ్ళారు. ఎండకు చెల్లెలు సుభాషిణి నాలుక పిడచకట్టుకుపోతుంటే బస్టాండు బయట చెరుకురసం కొని, గ్లాసు తన చేత్తో అందించింది శేషారత్నం. ఆ సాయంత్రానికే చెల్లెలికి వాంతులు మొదలయ్యాయి. మూడోనాటికి ఆసుపత్రిలో ప్రాణం పోయింది. డాక్టర్లు ఏవేవో కారణాలు చెప్పారు. అవేవీ శేషారత్నం చెవికెక్కలేదు. ఆమె కళ్ళ ముందున్నది ఒక్క గ్లాసే. ఆ గ్లాసు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న భర్తకు కూడా.

అప్పటినుంచి ఆమె బయట చుక్క నీళ్ళు ముట్టలేదు. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటుంది. బయటి వస్తువేదీ తన చేతి మీదుగా ఇంకొకరి నోట్లోకి పోకూడదు. బడిలో పిల్లలు పుట్టినరోజుకు చాక్లెట్లు తెస్తే, వాటిని పక్క క్లాసు టీచరు చేత పంచిపెట్టించేది. ఇన్నేళ్ళూ అలా నెట్టుకొచ్చింది. ఇప్పుడేమో సుభాషిణి కూతురు హిమజ విశాఖపట్నంలో ఉద్యోగంలో చేరి, "పెద్దమ్మా, రెండు రోజులు రా, ఊరంతా తిప్పుతాను" అని నెల రోజులుగా ప్రాణం తీస్తోంది. తల్లి లేని పిల్ల. వెళ్ళకపోతే మనసొప్పదు. వెళితే రెండు రోజులు ఆ పిల్లతో కలిసి తినాలి, తాగాలి. ఆ తల్లిని పంపేసిన చేతులతో ఈ పిల్లకు ఏమివ్వాలి? గురువారం నాటి ప్రశ్న వెనక ఉన్న ప్రశ్న ఇది.

శనివారం పొద్దున్న ఇద్దరూ రైలెక్కారు. శేషారత్నం సంచీ చూస్తే దండయాత్రకు బయల్దేరినట్టుంది. కాచి చల్లార్చిన నీళ్ళు నాలుగు సీసాలు, రెండు రోజులకు సరిపడా పులిహోర, చపాతీలు, వేయించిన అటుకులు. విశాఖపట్నం స్టేషను బయట ఆటో మాట్లాడుతుండగా ఫోను మోగింది. "పెద్దమ్మా, ఇవాళ ఆఫీసులో అయిదింటిదాకా వదలరట. అంతవరకు మీరు తిరుగుతూ ఉండండి. బీచిలో సబ్‌మెరైను మ్యూజియం దగ్గరికి వచ్చేస్తాను," అంది హిమజ. ఆ మాటలు సరిగా వినబడక, శేషారత్నం ఆ చెవికి ఫోను ఆనించి, ఈ చెవి మూసుకొని, చేతిలో ఉన్న సంచీని పక్కన ఉన్న గురువుగారి చేతిలో పెట్టింది.

రెండేళ్ళు శిష్యరికం చేసిన మనిషి చేయకూడని పని అది. ఫోను పెట్టేసి తిరిగి చూసేసరికి చిదంబరమ్మగారు మెట్ల మీద కూర్చున్నారు. తన వంతుకు పిడికెడు పులిహోర తిని, మిగతాదంతా కూలిపనికి రైలు దిగిన ఒక కుటుంబానికి వడ్డించేశారు. సీసాలు నాలుగూ వాళ్ళ మూటల మీదికి చేరిపోయాయి. ఖాళీ సంచీ మడతపెట్టి ఇస్తూ, "మోయడానికి ఇప్పుడు సుఖంగా ఉంటుంది," అన్నారు ఆవిడ. శేషారత్నానికి ఏడుపొక్కటే తక్కువ.

పూర్ణా మార్కెట్టు వీధుల్లో తిరిగారు. సబ్‌మెరైను లోపలికి వెళ్ళారు. చిదంబరమ్మగారికి అన్నీ వింతే, అన్నీ సంతోషమే. ఆ ఇనప గొట్టంలో అంతమంది ఎలా వండుకొని ఎలా పడుకొన్నారోనని ప్రతి అరా తొంగి చూశారు. శేషారత్నానికి మాత్రం ఊరంతా నోళ్ళూ గ్లాసులే కనిపించాయి. ఒక హోటలు గుమ్మం ఎక్కబోయి, నాలుగు గ్లాసుల్లో నాలుగు వేళ్ళు ముంచి తెస్తున్న సర్వర్ని చూసి వెనక్కి వచ్చేసింది. ఇంకో చోట నూనె నల్లగా ఉంది. మరో చోట అన్నీ శుభ్రంగానే ఉన్నాయి, అయినా కాళ్ళు లోపలికి నడవలేదు. కొట్లో సీలు వేసిన నీళ్ళ సీసా కొనబోయి, మూత మీద వేలు పెట్టి చూసి, మళ్ళీ చూసి, అక్కడే పెట్టేసింది. కొట్టువాడు అదోలా చూశాడు. భయం ఆ నీళ్ళను చూసి కాదని, ఆ సీసా పట్టుకొన్న తన చేతిని చూసేనని ఆమెకూ తెలుసు. తెలిసి ఏం లాభం? తాడు తాడేనని ఎన్నిసార్లు అప్పజెప్పినా కాలు వెనక్కి పడుతూనే ఉంటుంది.

చిదంబరమ్మగారు ఏమీ అడగలేదు. మధ్యాహ్నం రెండు గంటలకు ఆవిడ మాటలు తగ్గిపోయాయి. పెదవుల మీద తెల్లగా చారలు కట్టాయి. మ్యూజియం దగ్గరే, బీచి రోడ్డు వారన గానుగచెట్టు నీడలో కూర్చున్నాక, ఆవిడ తల మెల్లిగా పక్కకు ఒరిగి శేషారత్నం భుజం మీద వాలింది. ఒళ్ళు కాలిపోతోంది. "అమ్మా, అమ్మా" అంటే "ఊ" అన్నారు, అంతే. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. ఇస్తే ఏమవుతుందో! ఇవ్వకపోతే ఏమవుతుందో! ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ చెట్టు కిందే పైడమ్మ అనే ఆవిడ కుండలో చోడంబలి అమ్ముతోంది. చోడిపిండి, అంటే రాగిపిండి, కాచి, మజ్జిగ పోసి, ఉల్లిపాయ ముక్కలు వేసినది. ఇందాకటినుంచి వీళ్ళిద్దర్నీ గమనిస్తూనే ఉంది కాబోలు, ఇక ఉండబట్టలేక అరిచింది.

"ఏటి తల్లీ, అలగ సూస్తా కూకున్నావు? ముసలమ్మ వాడిపోతంది! ఇదిగో, పట్టించు. నా సేతులు ఉల్లిపాయలతో ఉన్నాయి, నువ్వే పట్టించు."

లోటా శేషారత్నం చేతిలోకి వచ్చేసింది. లోపల బూడిదరంగు అంబలి కదులుతోంది. ఏ నీళ్ళో, ఏ కుండో, ఎవరు కడిగారో! ఆమెకు చెల్లెలి గ్లాసు కనబడింది. అందులోని నురగ కనబడింది. చెయ్యి ఎంత వణికిందంటే, మూడో వంతు గురువుగారి కాషాయం మీదే ఒలికిపోయింది. అయినా లోటా ఆవిడ పెదవులకు ఆనించింది. చిదంబరమ్మగారు కళ్ళు మూసుకొనే గుటక వేశారు. ఒక్కొక్క గుటకా శేషారత్నం లెక్కపెట్టింది. లోటా ఖాళీ అయ్యింది. ఇంకోటి పట్టించింది. కాసేపటికి ఆవిడ లేచి సరిగా కూర్చొని, పైడమ్మకు నమస్కారం పెట్టారు.

ఆ తరవాత మూడు గంటలు శేషారత్నం సముద్రం వైపు చూడనేలేదు, గురువుగారి ముఖమే చూస్తూ కూర్చుంది. ప్రతి పావుగంటకూ ఒకటే ప్రశ్న, "అమ్మా, కడుపులో ఎలా ఉంది?"

"బాగానే ఉంది. నువ్విలా అడుగుతుంటే మాత్రం తిప్పేటట్టుంది," అన్నారు చిదంబరమ్మగారు.

అప్పుడు శేషారత్నం భోరున ఏడ్చింది. పదకొండేళ్ళుగా ఎవరికీ చెప్పని గ్లాసు సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పేసింది. తనే చంపేశానంది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూస్తున్నా ఆమెకు పట్టలేదు. చిదంబరమ్మగారు ఊరుకోమనీ అనలేదు, నీ తప్పేమీ లేదనీ అనలేదు. అంతా విన్నారు.

అయిదు దాటాక హిమజ స్కూటీ మీద వచ్చింది. తల్లి పోలికే, ఆ నుదురు, ఆ గడ్డం. ముఖం ఎండకు కందిపోయింది. "పెద్దమ్మా!" అని వాటేసుకొని, "దాహంతో చచ్చిపోతున్నాననుకో," అంది. ఆ మాటకు శేషారత్నం చెయ్యి ఖాళీ సంచీ మీదికి పోయింది.

పైడమ్మ వెంటనే లోటా నింపి, దగ్గరగా ఉన్న శేషారత్నానికే అందించింది. నువ్వే తీసుకోవే, అని హిమజతో అందామని శేషారత్నం నోరు తెరిచింది. సాయం కోసం గురువుగారి వైపు చూసింది. చిదంబరమ్మగారు పైడమ్మ కుండ మీది మూతను తెగ శ్రద్ధగా చూస్తున్నారు. తెరిచిన నోరు మూసుకొని, లోటా రెండు చేతులతో పట్టుకొని, శేషారత్నం చెల్లెలి కూతురికి ఇచ్చింది.

హిమజ గటగటా తాగేసింది. మూతి తుడుచుకొని, "అబ్బ, ప్రాణం లేచొచ్చింది. నువ్వూ తాగు పెద్దమ్మా. నేను బండి సరిగ్గా పెట్టి వస్తాను," అంటూ అటు పరిగెత్తింది.

శేషారత్నం ఆ పిల్ల వెళ్ళినవైపే చూస్తూ నిలబడింది. ఈ రాత్రికి ఏమవుతుందో, రేపటికి ఏమవుతుందో ఆమెకు తెలియదు.

"భయం పోలేదమ్మా," అంది. "చూడండి, చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి."

చిదంబరమ్మగారు ఆ రెండు చేతుల్నీ దగ్గరకు తీసుకొని, అటూ ఇటూ తిప్పి చూశారు.

"వణకనీ," అన్నారు. "ఆ రోజు మీ చెల్లెలికి దాహం వేసింది, ఈ చేత్తో తీర్చావు. నీకు తెలిసింది అంతవరకే కదమ్మా."