ఇరవై అయిదు గూళ్ళ చెట్టు

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి, మీ తాతగారి తాతగారు కూడా పుట్టని రోజులు. కనకవాడ అనే రాజ్యానికి ఒక రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతు బాణం వేస్తే గురి తప్పదు. రెండోవాడు విజయకేతు ఎక్కితే ఎంత పొగరుబోతు గుర్రమైనా దారికొస్తుంది. మూడోవాడు వసుకేతుకి ఆ రెండు విద్యలూ అంతంత మాత్రమే. వాడి సరదా అంతా కోట ముందు సత్రంలో బాటసారులకి వడ్డించడం.

"బంతికి పన్నెండు మంది. ఎనిమిది బంతులు. మనిషికి రెండేసి బూరెలు. నూట తొంభై రెండు వండండి!" అని వాడు గుమ్మంలోంచే కేకేసేవాడు. ఒక్క బూరె మిగిలేది కాదు, ఒక్క బూరె తగ్గేది కాదు. అన్నలు "వంటరాజా!" అని ఏడిపిస్తే నవ్వి ఊరుకునేవాడు. నాకైతే ఆ పిల్లాడంటే అప్పటినుంచే ఇష్టం.

ఇలా ఉండగా ధూమనేత్రుడనే మాంత్రికుడు పొరుగు రాజు కూతురు మందారవల్లిని ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. ఆమెని విడిపిస్తానని పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. అన్నని తెస్తానని రెండోవాడు వెళ్ళాడు, వాడూ రాలేదు. ఇద్దరూ అక్కడ రాళ్ళయిపోయారని కబురొచ్చింది. రాజు మంచం పట్టాడు.

"నేను వెళ్తాను నాన్నగారూ" అన్నాడు వసుకేతు.

"నీకు కత్తి పట్టడం కూడా సరిగ్గా రాదు కదరా నాయనా!"

"అన్నయ్యలు లేకుండా నాకు ముద్ద దిగడం లేదు. పంపించండి."

వెళ్ళాడు, వెళ్ళాడు, వెళ్ళాడు. దారిలో ఆరు చీమల పుట్టలు. మధ్యలో చిన్న నువ్వుల కుప్ప. ఆరు పుట్టల చీమలూ ఒకదాన్నొకటి కుట్టుకుంటున్నాయి. "మాకెక్కువ!" "కాదు, మాకెక్కువ!"

వసుకేతు కూచుని పుట్టకొక గింజ పెట్టాడు. మళ్ళీ ఒక గింజ, మళ్ళీ ఒక గింజ. అలా అయిదు చుట్లు తిరిగేసరికి కుప్ప అయిపోయింది. ఆరు పుట్టలకీ అయిదేసి గింజలు, మొత్తం ముప్ఫై. చీమలు నోరు మూసుకున్నాయి. పంపకం సరిగ్గా ఉంటే కొట్లాటకి పనేముంది?

"బాబూ, సముద్రం ఒడ్డున పెద్ద కొంగ ఉంది. అదే నిన్ను దాటిస్తుంది" అని చీమలరాణి దారి చెప్పింది.

కొంగ వాణ్ణి ఎగాదిగా చూసింది. "సముద్రానికి మూడు మామిడిపళ్ళు తింటేగాని నాకు రెక్క ఆడదు. మీ అన్నలిద్దరూ చెరో బుట్టెడు తెచ్చారు, దేనికెన్నో చూసుకోకుండా మొదట్లోనే తినిపించేశారు. చివరి సముద్రం దాటేసరికి నా ప్రాణం కడబట్టింది" అంది.

"ఏడు సముద్రాలు, మూడేసి పళ్ళు. ఇరవై ఒకటి" అని వసుకేతు పళ్ళు కోసుకొచ్చి ఏడు మూటలు కట్టాడు. సముద్రానికొక మూట విప్పాడు. కొంగ హాయిగా అవతలి ఒడ్డున వాలింది.

అక్కడొక జామచెట్టు. చెట్టు నిండా చిలకలు. చెట్టుకింద రెండు రాళ్ళు, వాటికి అన్నల ముఖాలే! వసుకేతుకి కళ్ళనీళ్ళు ఆగలేదు.

మాంత్రికుడు సంచి భుజాన వేసుకుని వచ్చాడు. వెనక జామకాయ ముక్కల బుట్టతో మందారవల్లి.

"నా ప్రాణం ఈ చిలకల్లో ఒకదానిలో ఉంది. దాన్ని పట్టుకుంటే నా పని సరి. తప్పు చిలకని ముట్టుకున్నావా, మూడో రాయివి నువ్వే!" అన్నాడు ధూమనేత్రుడు.

చిలకలన్నీ ఒకే రంగు, ఒకే ఎత్తు.

"ఇరవై అయిదు గూళ్ళండీ" అని మందారవల్లి మెల్లగా చెప్పింది. "గూటికి తల్లీ, తండ్రీ, రెండు పిల్లలూ. రోజూ నేనే మేత పెడతాను."

వసుకేతు ముఖం విప్పారింది. మాంత్రికుడి చిలకకి అమ్మానాన్నలుండరు. గూటికి నాలుగు చొప్పున లెక్కిస్తే అది ఒంటరిగా మిగిలి తీరాలి! బుట్ట అందుకుని చెట్టెక్కాడు. గూటికి నాలుగు ముక్కలు, గూటికి నాలుగు ముక్కలు. ఇరవై అయిదు నాలుగులు వంద. ప్రతి గూటిలోనూ నాలుగే చిలకలు. ఒక్కటి కూడా మిగల్లేదు.

మాంత్రికుడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

సత్రంలో ఒక ఆనవాయితీ ఉండేది. వడ్డన అయిపోయాక, వడ్డించినవాడు బంతి పొడుగునా మళ్ళీ నడిచి, ఎవరు తిన్నారో ఎవరు తినలేదో చూడాలి. వసుకేతు కొమ్మ కొమ్మకీ మళ్ళీ వెళ్ళాడు. మొదటి గూట్లో అన్నీ తిన్నాయి. రెండో గూట్లో తిన్నాయి. పధ్నాలుగో గూట్లో తల్లి తినలేదు. ముక్క అలాగే ఉంది. భర్తనీ ఒక పిల్లనీ రెక్కల కింద పెట్టుకుని, మాంత్రికుడి సంచి వంకే చూస్తోంది. నాలుగోది మాత్రం దూరంగా మూల కూచుని ఆబగా తింటోంది.

నాలుగే ఉన్నాయి, కానీ నాలుగూ ఒక ఇంటివి కావు! పిల్లని సంచిలో కుక్కి, దాని చోట్లో తన చిలకని కూచోబెట్టాడన్నమాట దొంగవెధవ.

వసుకేతు మూలనున్న చిలకని ఒడిసి పట్టి మెడ తిప్పేశాడు. ధూమనేత్రుడు కెవ్వున అరిచి బూడిదైపోయాడు. సంచి మూతి ఊడింది. లోపలున్న చిలకపిల్ల రివ్వున ఎగిరి అమ్మ దగ్గరికి చేరింది. అప్పుడు తింది ఆ తల్లి తన జామకాయ ముక్క.

రాళ్ళు కదిలాయి. అన్నలిద్దరూ లేచి తమ్ముణ్ణి వాటేసుకున్నారు. నలుగురూ కొంగకి సరిపడా పళ్ళు కోసుకుని కనకవాడకి వచ్చారు. కొడుకుల్ని చూసిన రాజు మంచం దిగి పరుగెత్తాడు. పెద్దవాడికి కిరీటం పెట్టబోతే జయకేతు ఒప్పుకోలేదు.

"నాన్నగారూ, అందరికీ సమంగా పంచడం మేమూ నేర్చుకుంటాం. పంచాక కూడా ఎవరు తినలేదో వెనక్కి వచ్చి చూసేది వీడొక్కడే. రాజంటే వీడేనండీ!"

విజయకేతు తలూపాడు. వసుకేతుకి పట్టాభిషేకం, మందారవల్లితో పెళ్ళి ఒకే ముహూర్తానికి జరిగాయి. వాళ్ళు నిండు నూరేళ్ళు ఏలారు. ఆ రాజ్యంలో తినకుండా పడుకున్నవాడు ఒక్కడూ లేడు.