పడవకుంట పొడికాళ్లమ్మ

రెండు గుట్టల నడుమ అడ్డంగా వేసిన మట్టికట్ట, దాని వెనుక చిన్న కుంట, కట్ట దిగువన అమ్మవారి గుడి. పడవకుంటకు వచ్చే భక్తులకు మొదట కనబడేవి ఇవే. ఇక్కడ అమ్మవారికి అభిషేకం లేదు. చెంబుతో నీళ్ళు తెచ్చినవారిని పూజారి గుమ్మం దగ్గరే ఆపేస్తాడు. భక్తులు పొడిబట్టతో అమ్మవారి పాదాలు తుడిచి, ఆ బట్టను కళ్ళకద్దుకుని ఇంటికి తీసుకుపోతారు. ఎడమచేత చీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని నిలిచిన ఈ తల్లికి పొడికాళ్లమ్మ అని పేరు వచ్చిన కథ వినదగినది, విన్నాక మరొకరికి చెప్పదగినది.

పూర్వం ఇక్కడ కుంట లేదు, వాగు మాత్రమే ఉండేది. ఈ భూములకు దొర అయిన పురుషోత్తమరావుకు పడవ షికారు మీద మనసు పుట్టింది. దొరకు మనసు పుడితే కొండ మీది కోతినైనా దించాల్సిందే. దూరం నుంచి బండ్ల మీద ఎర్రమట్టి తోలించి, తానే దగ్గరుండి ఎడ్లతో తొక్కించి కట్ట వేయించాడు. ఆ కుంట కింద ఒక్క మడి కూడా పారేది కాదు. కట్టకు దిగువన ఉన్న కిందివాడ జనం, "తాగటానికి గాదు, తడపటానికి గాదు, దొర తేలటానికి" అని నవ్వుకునేవారు. దొర కూడా ఆ మాట విని నవ్వేవాడు. ఆ కుంట ఆయనకు కన్నబిడ్డ కన్నా ఎక్కువ.

ఒక ఏడు వానలు దండిగా పడ్డాయి. దొర చుట్టుపక్కల దొరలందరినీ పడవ పందేలకు పిలిచాడు. వాళ్ళు వచ్చేసరికి నీళ్ళు కట్ట అంచుదాకా నిండి మిలమిలలాడాలని, మిగులు నీరు పొర్లిపోయే అలుగుకు రాళ్ళూ మట్టీ అడ్డం వేయించి మూయించాడు. నీళ్ళు జానెడు పెరిగాయో లేదో, కట్ట దిగువన సన్నని ఊట పుట్టింది. అందరూ గంగ పుట్టిందని గంతులేశారు. పసుపు కుంకుమలు చల్లారు, కొబ్బరికాయలు కొట్టారు. ధార మరీ సన్నగా ఉందని గడ్డపారతో దాని నోరు కాస్త పెద్దది కూడా చేశారు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. దొర మాత్రం తన కుంట గంగను కన్నదని పొంగిపోయి బెల్లం పంచాడు.

మర్నాడు తెల్లవారుజామున ఆయన కలలో ఒక స్త్రీ కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని కనిపించింది. "నాయనా, నా కాళ్ళు తడుస్తున్నయి. ఇంకెన్ని దినాలు నిలబడాలె?" అని అడిగింది. దొర లేచి ఊట దగ్గరికి పట్టుచీర, వెండిపీట పంపించి చేతులు దులుపుకున్నాడు. సరిగ్గా పందేల నాటి ఉదయం ఆ కలే మళ్ళీ వచ్చింది. ఈసారి ఆమె కుచ్చిళ్ళ నుంచి ఎర్రనీళ్ళు కారుతున్నాయి. సంగతి విన్న దొరసాని అలివేలమ్మ నవ్వింది. "కాళ్ళు తడుస్తున్నయన్న మనిషికి పీట ఎందుకండి? తడి ఎక్కడికెళ్ళి వస్తున్నదో పోయి చూడరాదా?"

దొర కట్ట దిగి చూశాడు. ఊట చేయి పట్టేంత అయింది. నీరు తేటగా లేదు. దోసిట పట్టి వేళ్ళతో నలిపితే ఎర్రమట్టి అంటింది. చుట్టూ ఉన్నదంతా నల్లరేగడి, ఎర్రమట్టి ఉన్నది కట్టలోనే. పారుతున్నది గంగ కాదు, లోలోపల కరిగిపోతున్న తన కట్ట. ఎదురుగా కిందివాడలో అప్పుడప్పుడే జనం నిద్ర లేస్తున్నారు.

పల్లకి దిగి పది అడుగులు నడవని మనిషి ఆ రోజు పంచె ఎగ్గట్టి కిందివాడకు పరుగు తీశాడు. అక్కడి పెద్దముసలి లసుమవ్వ కదలనన్నది. "గంగమ్మ పుట్టిందని మీరే బెల్లం పంచితిరి గద దొరా. ఇప్పుడు ఇండ్లిడిసి పొమ్మంటే ఎట్ల?"

"తప్పు చెప్పిన లసుమవ్వా. అది గంగమ్మ గాదు, నా కట్ట తెగుతున్నది. పిల్లల్ని ఎత్తుకొని గుట్ట ఎక్కుండ్రి."

దొర నోట తప్పు అన్న మాట ఆ జనం ఎన్నడూ వినలేదు. ఆ మాటకే భయపడి ఉన్నపళంగా కదిలారు.

దొర అలుగు దగ్గరికి ఉరికాడు. అప్పటికే అతిథులు తలపాగాలతో కట్ట మీద నిలబడి ఉన్నారు. "నీళ్ళు వదిలితే మా పడవలు ఎక్కడ తేలాలె?" అని ఒకాయన గద్దించాడు. దొర గడ్డపార అందుకుని అడ్డురాళ్ళ మీద పడ్డాడు. ఇటు ఊట బండిచక్రమంత అయింది, కట్ట నడుమ బారెడు మేర కుంగింది. అటు ఒక రాయి కదిలింది, వెనుకే మరొకటి. నీళ్ళు హోరుమంటూ ఊరికి దూరంగా పక్క వాగులోకి దూకాయి. గుట్ట మీద నుంచి జనం చూస్తున్నారు. నీటిమట్టం జానెడు తగ్గింది, మూరెడు తగ్గింది, ఊట సన్నబడింది. మధ్యాహ్నానికి ఆగిపోయింది. పడవలు బురదలో కూలబడ్డాయి, కిందివాడ మాత్రం ఒక్క గోడ కూలకుండా నిలిచింది.

ఎండాకాలంలో కట్టను కోసి చూశారు. లోపల అడ్డంగా ఒక బొరియ ఉంది. దొర నీడకోసం కట్ట మీద నాటించి, తరువాత చూపుకు అడ్డమని కొట్టించిన పొగడచెట్టు వేరు లోపల కుళ్ళి చేసిన దారి అది. ఆ బొరియ గొంతులో, బురదలో, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకున్న ఒక రాతి విగ్రహం బిగుసుకుని ఉంది. ఆ తల్లి అడ్డం నిలవకుంటే కట్ట మొదటి రోజే తెగేది. ఊరిని కాయడానికి ఆమె నీళ్ళలో నిలబడి ఉంటే, తాను పంపింది వెండిపీట. దొర తలపాగా విప్పి ఆ పాదాలు తుడుస్తూ పసిపిల్లవాడిలా ఏడ్చాడు. "ఇగ నువ్వు నిలబడొద్దు తల్లీ. ఈడ మేము కూసుంటం" అన్నాడు.

కుంట నేటికీ ఆ వంశంవారిదే, పడవలు నేటికీ తేలుతున్నాయి. అలుగును మాత్రం మళ్ళీ ఎవరూ మూయలేదు. ఏటా కుంట నిండి అలుగు దుమికిన రోజున యజమాని ఇంటివారంతా, చంటిపిల్లలతో సహా, కట్ట దిగువన అమ్మవారి ఎదుట వండుకుని తిని, రాత్రికి అక్కడే పడుకోవాలి. అందువల్ల వానలకు ముందే వారు తమంతట తామే కట్ట మీది చెట్లు పీకి, ఎలుక బొరియలు పూడ్చి, ఎక్కడైనా తడి తగులుతుందేమోనని దిగువంతా వట్టికాళ్ళతో నడిచి చూసుకుంటారు. చెప్పేవారు అక్కర్లేదు.

అమ్మవారి పాదాలు తుడిచిన బట్ట ఇంట ఉంటే ఆ ఇల్లు కురవదని, నీటిగండం దరిచేరదని భక్తుల నమ్మకం. కిందివాడవారు మాత్రం బట్టకోసం రారు. కుంట నిండిన రోజు సాయంత్రం కట్ట వైపు చూస్తారు. దొరగారి ఇంటి పిల్లలు దాని కింద పడుకున్నారని తెలిశాక, తమ పిల్లలను పడుకోబెట్టుకుంటారు.