నీటిబల్లి వ్రతం

పాల్డెన్ తొట్టిలో గుడ్లు తగ్గిపోతున్నాయి.

అతను కొండమీది మఠంలో కొత్తగా దీక్ష తీసుకున్న భిక్షువు. వానలు మొదలవగానే అక్కడి నీటిబల్లులు అడవి మట్టిలోంచి వచ్చి, కుంటలో దిగి జతకడతాయి. కుంటలో చేపలు గుడ్లను బతకనివ్వవని, గుడ్లతో బరువెక్కిన ఒక ఆడబల్లిని తెచ్చి రాతితొట్టిలో పెట్టాడు. అది గడ్డిపోచలకు గుడ్లు అంటించింది.

"పిల్లలై ఈదేదాకా పూచీ నాది," అని అందరితో చెప్పుకున్నాడు.

తల్లికి మాత్రం వానపాములు వేయలేదు. ప్రాణం తీయనని మాట ఇచ్చినవాడు ఎలా వేస్తాడు? రోజూ ఉడికిన బార్లీ మెతుకులు వేశాడు. అవి నీళ్ల అడుగున పాచిపట్టాయి.

"బల్లికి కూడా దీక్ష ఇప్పించావటగా!" వంటశాలలోంచి తోటి భిక్షువు చోఫెల్ కేకేశాడు. "దానికి గుండు ఎప్పుడు గీయిస్తున్నావు?"

పాల్డెన్‌కు నవ్వు రాలేదు. అతని కళ్లముందే బల్లి ఒక గుడ్డును గడ్డిలోంచి లాగి మింగేసింది. గురువు దగ్గరికి పరుగెత్తాడు.

"కన్నతల్లే తినేస్తోంది, గురువుగారూ! ఇంత పాపిష్టి జీవం ఉంటుందా?"

గురువు వచ్చి తొట్టిలోకి వంగి చూశారు. బల్లి చర్మం ఎముకలకు అంటుకుపోయింది. ఒక్క పోచకే ఇంకా కొన్ని గుడ్లున్నాయి.

పక్కన తడిమట్టి పెళ్లగించి, ఒక వానపామును తీసి పాల్డెన్ అరచేతిలో పెట్టారు.

అది మెలికలు తిరిగింది.

"వెయ్యి."

"వెయ్యలేను. ప్రాణం కదండీ."

"అయితే వెయ్యకు."

బల్లి మెల్లగా ఆ పోచవైపు కదిలింది.

"దాన్ని ఆపండి, గురువుగారూ!"

ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. బల్లి ముక్కు పోచకు తగిలింది.

"పోనీ, మీరైనా వెయ్యండి!"

"పాపం నా చేతికి అంటిస్తావా?" గురువు గొంతు కఠినంగా ఉంది. "వ్రతం పట్టింది నువ్వు. పస్తున్నది అది."

బల్లి నోరు తెరిచింది.

పాల్డెన్ వానపామును మట్టిలో వదిలేశాడు. రెండు చేతులూ తొట్టిలో ముంచి బల్లిని ఎత్తుకున్నాడు. కుంటదాకా ఆగకుండా నడిచి, ఒడ్డున మోకాళ్లమీద కూర్చుని, దాన్ని నీళ్లలోకి జారవిడిచాడు.

దిగీ దిగగానే అది ఒక పురుగును పట్టింది. పురుగు కాళ్లు దాని నోటి బయట కొట్టుకుంటున్నాయి.

పాల్డెన్ మొహం తిప్పుకోలేదు.