దాయాది దీపం

ఒకానొక రాజ్యంలో ప్రతి ఇంటి మిద్దె మీదా ఒక ఎండపలక ఉండేది. పగలంతా ఎండ తాగి ఆ పలక ఇంటికి కరెంటు ఇచ్చేది. రాజుల కాలంలో కరెంటేమిటని మూతి ముడవకండి. కథ చెప్పేది నేను, రాజ్యం కట్టింది నేను, నాలుగు తీగలు లాగించుకునే హక్కు ఆమాత్రం నాకుంది.

ఇంటికి వాడుకోగా మిగిలిన కరెంటు రాగితీగ మీద కోటకు పోయేది. బదులుగా కోట నుంచి ఆ ఇంటికి ధాన్యం కొలిచేవారు. అది తాతల నాటి ఒప్పందం. దానికి తగ్గ ఆచారం కూడా ఒకటి ఉండేది. బారెడు పొద్దెక్కగానే ఇంటివాళ్ళెవరో ఒకరు మిద్దెక్కి తడిగుడ్డతో పలక తుడవాలి. ఆ ఊరి దుమ్ము అలాంటిది. మూడు వారాలు తుడవకపోతే ఎంత మంచి పలకైనా గుడ్డిదైపోయేది.

ఆ రాజ్యాన్ని దినమణి భూపాలుడు ఏలేవాడు. సూర్యవంశం వాడినని ఆయనకు మహా గర్వం. సభలో సూర్యుడు ఒక్కడే ఉండాలని కొలువుకూటానికి కిటికీలు పెట్టనివ్వలేదు. అక్కడ పట్టపగలు కూడా దీపాలే. ఒక్కో ఇంటి తీగకు ఒక్కో దీపం, దాని కింద ఆ ఇంటి పేరు చెక్కిన ఇత్తడి బిళ్ళ. పలక తుడిచే చెయ్యి నీడ పడినప్పుడల్లా ఆ ఇంటి దీపం ఒక్క రెప్ప వేసేది.

ఒకనాడు రాజుగారికి పెద్ద ఆలోచన తట్టింది.

"సూర్యుడు మా వంశకర్త. ఎండ మా పెద్దల ఆస్తి. మా ఆస్తిని మాకే అమ్ముతారా? రేపటి నుంచి ధాన్యం కొలవవద్దు. నెత్తురు వారసులు లేకుండా పోయినవాళ్ళ ఇళ్ళు, వాటి మీద పడే ఎండ కూడా కోటకే చెందుతాయి" అని శాసనం చేశాడు.

ధాన్యం ఆగింది గానీ తీగలు మాత్రం ఎవరూ తెంపలేదు. ఎండ అలాగే కోటకు పోతూ ఉంది.

ఆ కొలువులో కూర్మయ్య అనే మాటకారి ఉండేవాడు. నవ్వించడం అతని ఉద్యోగం. ఒక సాయంత్రం అతని గుమ్మంలోకి పైడమ్మ అనే పిల్ల వచ్చి నిలబడింది. ఒంటి నుంచి నువ్వుల నూనె వాసన వస్తోంది.

"కుమ్మరి గవరయ్య కూతుర్ని బాబూ. మాయయ్య పోయి మూడు నెల్లయింది."

గవరయ్యను కూర్మయ్య ఎరుగును. వరదల్లో కొట్టుకొచ్చిన పసికందును తెచ్చుకుని పెంచాడు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు, ఆ పిల్లే లోకం. అతను పోయిన మూడోనాడే మంత్రి వచ్చి, నెత్తురు సంబంధం లేదు పొమ్మని పైడమ్మను వీధిలోకి నెట్టి ఇంటికి ముద్ర వేయించాడు. కుమ్మరి సారె తిప్పే కరెంటు కూడా కోటకే మళ్ళింది.

"గానుగ కాడ కూలికెళ్తన్నాను. పున్నమికి మాయిల్లు మంత్రిగారి బావమరిదికి ఇచ్చేస్తారంట. ఆ ఇల్లు పోతే సారె పోద్ది. సారె పోతే మాయయ్య నేర్పిన పని పోద్ది. ఇంక నాకేటి మిగుల్తాది బాబూ?"

పున్నమికి అయిదు రోజులుంది. కూర్మయ్యకు ఆ పూట ఒక్క చమత్కారం కూడా తోచలేదు. చూద్దాంలే అమ్మా అని పంపేశాడు.

మర్నాడు కొలువు తీరింది. మంత్రి ఏదో చదువుతున్నాడు. రాజుగారి నెత్తి మీద వేలాడే దీపం ఒక్కసారి మసకబారి మళ్ళీ వెలిగింది. మళ్ళీ మసకబారింది. మళ్ళీ. సరిగ్గా మూడుసార్లు, ఎవరో మూడు రెప్పలు వేసినట్టు.

కూర్మయ్య తల ఎత్తి బిళ్ళ చదివాడు. కుమ్మరి గవరయ్య.

అప్పుడు మిగతా దీపాల వంక చూశాడు. వారసులు లేక ముద్ర పడ్డ ఇళ్ళవి పదమూడు ఉన్నాయి. పన్నెండూ దుమ్ము పట్టి మిణుగురుల్లా మిణుకుతున్నాయి. గవరయ్య దీపం ఒక్కటే కడిగిన ముత్యంలా ఉంది. అంత బాగా వెలుగుతోందనే కదా మంత్రి దాన్ని తెచ్చి సింహాసనం మీద పెట్టించింది.

"ప్రభూ, చచ్చినవాడి పలక ఎవరు తుడుస్తున్నారు?" అన్నాడు కూర్మయ్య.

సభ చల్లబడిపోయింది. ఆ మాట అనేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. అన్నాక ఎవరికీ వేరే ఆలోచన రాలేదు.

రాజు భటుల్ని పరుగెత్తించాడు. వాళ్ళు తిరిగొచ్చి, వేసిన తాళం వేసినట్టే ఉందన్నారు, ముద్ర చెదరలేదన్నారు. పలక మాత్రం తడిగా ఉందట. దాని మూల తడి బంకమట్టితో ఒక బొటనవేలి గుర్తు ఉందట.

"రేపు ఇల్లు చుట్టుముట్టండి" అన్నాడు రాజు.

మర్నాడు ఇరవైమంది ఇంటి చుట్టూ నిలబడ్డారు. కొలువులో అందరూ కొండెక్కబోయే దీపాన్ని చూస్తున్నట్టు పైకి చూస్తూ కూర్చున్నారు. బారెడు పొద్దెక్కే వేళకు దీపం మూడుసార్లు రెప్ప వేసింది. భటుల నాయకుడు వచ్చాడు.

"ఎవరూ ఎక్కలేదు ప్రభూ, ఎవరూ దిగలేదు. మిద్దె మీద గుడ్డ పిండిన చప్పుడు మాత్రం అందరం విన్నాం. చూరు నుంచి నీళ్ళు కారాయి."

కూర్మయ్య లోలోపల నవ్వుకున్నాడు. ఆ వీధిలో మిద్దెలన్నీ దగ్గర దగ్గరగానే ఉంటాయి. పిల్లిలాంటి పిల్లకు అటు నుంచి ఇటు దూకడం ఎంతసేపు? పైడమ్మ పనే అనుకున్నాడు. కానీ ఆమెను అడగలేదు. అడిగితే తెలుస్తుంది, తెలిస్తే రాజు ముందు బొంకాలి. తెలియకపోతే బొంకక్కర్లేదు. కొలువులో ముప్పై ఏళ్ళు మెడ మీద తల నిలుపుకున్నవాడి లెక్క అది.

"కూర్మయ్యా, నీకేమైనా తోస్తోందా?" అని అడిగాడు రాజు.

"తోస్తోంది ప్రభూ. చెప్పడానికే నోరు రావడం లేదు."

"చెప్పు."

"ఏలినవారు సూర్యవంశం వారు. ఎండ మీ పెద్దల ఆస్తి."

"అందులో సందేహమేముంది?"

"లేదు. అయితే సూర్యుడికి ఇంకో కొడుకున్నాడు కదా, ప్రభూ. యమధర్మరాజు. వరస చూస్తే మీకు దాయాది."

దాయాది అన్న మాట విని వణకని భూస్వామి ఏ దేశంలోనూ లేడు. ఆ దాయాది యముడైతే ఇక చెప్పాలా? రాజు సింహాసనంలో కొంచెం కిందికి జారాడు.

కూర్మయ్య గొంతు తగ్గించాడు. "పెద్దల ఆస్తి అంటే పంపకం ఉంటుంది. బతికినవాళ్ళ ఇళ్ళ మీది ఎండ మీ వాటా అనుకుందాం. చచ్చినవాళ్ళ ఇళ్ళ మీది ఎండ ఎవరి వాటా? ఆయనేం గొడవ చెయ్యడం లేదు, పెద్దమనిషి. తన పలక తాను తుడుచుకుంటున్నాడంతే. కానీ గట్టు సరిచేసుకునేవాడు రేపు దున్నకుండా ఊరుకుంటాడా? దీపం మీద పడుతున్నది నీడ. సూర్యుడి భార్య పేరు ఛాయ. అంటే పెద్దావిడ కూడా వచ్చి చూసి పోతోందన్నమాట."

సరిగ్గా నెత్తి మీద దీపం. రాజు పైకి చూడలేక, చూడకుండా ఉండలేక సతమతమయ్యాడు.

"ఆ దీపం తీసి అవతల పెట్టండి" అన్నాడు.

"దీపాన్ని మార్చగలం ప్రభూ. దాయాదిని మార్చలేం. దీపం తన చోట లేదని వెతుక్కుంటూ లోపలికి వస్తే?"

"మరేం చెయ్యమంటావు?"

"పెద్దల ఆస్తి అన్నంతకాలమే దాయాదికి హక్కు. కాదని రాసిచ్చేస్తే ఆయన ఏ మొహంతో వస్తాడు? ఎండ ఎవరి పెద్దలదీ కాదు, ఏ మిద్దె మీద పడితే ఆ ఇంటిది. కోట తీసుకున్నదానికి కోట ధాన్యం కొలుస్తుంది. పోయినవాడి పొయ్యి దగ్గర అన్నం తిని, వాడి పలక తుడిచిన చెయ్యే వారసుడి చెయ్యి. ఇలా ఒక శాసనం."

మంత్రి నెత్తురు సంబంధమంటూ ఏదో అనబోయాడు. కూర్మయ్య అతని వైపు తిరిగి, "కుమ్మరిపిల్లను నెత్తురు రుజువు అడిగారు మంత్రిగారూ. సూర్యుడి దగ్గర అలాంటి రుజువు ఎప్పుడైనా అడిగి చూశారా?" అన్నాడు.

రాజు అది వినిపించుకునే స్థితిలో లేడు. కలం అందుకుని తానే రాశాడు, తానే ముద్ర వేశాడు. ముద్ర ఆరేదాకా కూర్మయ్య కదలలేదు. ఆరాక చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, నన్ను క్షమించాలి. ఆ తుడిచేది యముడు కాదని నా అనుమానం. వేలి గుర్తు బంకమట్టిది, ఇల్లు కుమ్మరిది. ఆ ఇంటి పిల్ల పైడమ్మే పక్క మిద్దెల మీదుగా వచ్చి తుడుస్తోందనుకుంటాను. రేపు ఆ వేళకు ఆమెను ఇక్కడే నిలబెడతాను. దీపం రెప్ప వేయకపోతే మీ ఒంట్లో భయం పోతుంది."

మర్నాడు పైడమ్మను తెచ్చి సభలో నిలబెట్టాడు. శాసనం చదివారు. పైడమ్మ రెండు చేతులా తాళంచెవి అందుకుని కళ్ళకద్దుకుంది. రాజు ఆ పిల్లను ఎగాదిగా చూశాడు. కట్టెపుల్లలాంటి మనిషి, చిరిగిన కోక. రెండు రోజులుగా తనకు నిద్ర లేకుండా చేసిన యముడు ఈవిడా?

అంతే, నవ్వు మొదలైంది. పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఓరి కూర్మయ్యా, మా తాతల ఆస్తి అని నోరు జారినందుకు యముణ్ణే తోలావురా నా మీదికి" అంటూ భుజం మీది శాలువా తీసి అతనికి కప్పాడు, చేతి కంకణం ఊడదీసి ఇచ్చాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే ఉత్తరీయంతో మొహం అదుముకుని మళ్ళీ నవ్వాడు. రాజు నవ్వుతుంటే కొలువంతా ఆయన వంకే చూసి నవ్వుతుంది. కప్పు వైపు చూసే పని ఎవరికుంటుంది?

కూర్మయ్య ఒక్కడే చూశాడు.

దీపం రెప్ప వేసింది. మళ్ళీ వేసింది. మళ్ళీ.

పైడమ్మ పక్కనే ఉంది. తాళంచెవి పట్టుకున్న ఆమె వేళ్ళ వైపు చూశాడు. గోళ్ళలో నువ్వుల పిండి ఉంది, నూనె జిడ్డు ఉంది. మట్టి లేదు. మూడు నెలలుగా ఆ చేతులు మట్టి ముట్టలేదు. అడగకుండా వదిలేసిన ప్రశ్నకు జవాబు అడగకుండానే వచ్చింది.

పైడమ్మ కూడా దీపం వంకే చూస్తోంది. ఆమె మొహంలో బెదురు లేదు. ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు చిన్నగా అంది.

"సాల్లే అయ్యా, ఎండెక్కుతోంది. ఇంక దిగు. రేపట్నుంచి నాను తుడుస్తాను."

మర్నాడు కొలువులో ఆ వేళకు అందరూ తమ గొడవల్లో ఉన్నారు. కూర్మయ్య మాత్రం మెడ ఎత్తి కూర్చున్నాడు. దీపం రెప్ప వేయడం మొదలుపెట్టింది. అతను వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. ఈసారి అయిదుసార్లు. పైడమ్మ చెయ్యి చిన్నది.